నా వెనక సీటు ఎక్కినవాళ్లు

నేను ఒక జంట సైకిల్‌ని. అంటే సీట్లు రెండు, హ్యాండిళ్లు రెండు, పెడళ్లు రెండు జతలు. చక్రాలు మాత్రం అందరికీ ఉన్నట్టు రెండే. నన్ను మొదటిసారి చూసి ఊరుకున్న మనిషి లేడు. కొందరు నవ్వారు, కొందరు ఫోటో దిగారు, ఒక ముసలాయన ఎందుకైనా మంచిదని దండం పెట్టాడు. చీపురుపల్లి సంతలో అయితే ఒక గేదె నన్ను చూసి తాడు తెంచుకుని, ఉల్లిపాయల దుకాణం మీదుగా పారిపోయింది. నాకు కోపం రాలేదు. నా పుట్టుకే నవ్వులాటగా మొదలైంది మరి.

విజయనగరంలో కరీముల్లా అనే ఆయన వెల్డింగ్ షెడ్డులో పుట్టాను. నా ముందు సగం ఒక పాలవాడి సైకిలు. ఎత్తుగా, మొరటుగా, మోయడమే తప్ప అలగడం తెలియకుండా బతికింది. వెనక సగం బడి పిల్లలకు ఇచ్చే లేతనీలం సైకిలు. దానికి వెనక చక్రం బాగానే ఉంది. ముందు చక్రమే లారీ కింద పడి అప్పడమైపోయింది.

ఆ నీలం సైకిలు పైడితల్లి అనే పిల్లది. కొండపేట ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి. వాళ్ల ఊరికీ బడికీ మధ్య హైవే ఉంది. ఒకరోజు పొద్దున్న ఒక లారీ మరీ దగ్గరగా దూసుకుపోయింది. ఆ గాలికి పైడితల్లి పక్కనున్న గుంతలోకి పడింది, సైకిలు రోడ్డు మీదే ఉండిపోయింది. చెయ్యి విరిగింది. ఎముక అతుక్కుంది కానీ భయం పోలేదు. రోడ్డు చూస్తే చాలు, పిల్ల వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయేది.

ఆ బడిలో ఆటల టీచరు శేషారత్నం మేడమ్. కాకినాడ మనిషి. పొట్టిగా ఉంటుంది, మెడలో ఎప్పుడూ విజిలు వేలాడుతుంది, నవ్వితే పక్క క్లాసు పాఠం ఆగిపోతుంది. ఆవిడ పైడితల్లి ఇంటికి వెళ్లింది. తండ్రి సన్యాసిరావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతనూ లారీ డ్రైవరే. పిల్లని పడేసిన లారీ వేరేవాళ్లది గానీ, వృత్తి ఒకటే.

"మేడమ్, నాను లారీ తోల్తాను," అన్నాడు సన్యాసిరావు. "ఆ కేబిన్లో కూకున్నోడికి సైకిలు మీదున్న గుంటపిల్ల మనిసిలాగ అగుపడదు. అడ్డంలాగ అగుపడతాది. అది తెలిసీ నా గుంటని మల్లీ ఆ రోడ్డెక్కిస్తానేటి?"

"మరి బడి మానిపించేస్తారా అండి?"

"మానిపించేత్తాను. పేణం కంటే సదువెక్కువేటి?"

శేషారత్నం వెనక్కి వచ్చేసింది. పైగా ఆయన మాట ఊరంతా పాకింది. లారీ తోలేవాడే భయపడుతుంటే మనమెంత అని మిగతా తండ్రులూ కూతుళ్లను ఆపేశారు. బడి షెడ్డులో బారులు తీరే నీలం సైకిళ్లు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. గ్రౌండులో ఖోఖోకి జట్టు కుదరలేదు. అప్పుడు ఆవిడ మళ్లీ ఆ అరుగు దగ్గరికి వెళ్లి, "మీ అమ్మాయి సైకిలు నడపక్కర్లేదండి. నేను నడుపుతాను. తను నా వెనక సీటు మీద కూర్చుని తొక్కితే చాలు," అంది.

"కేరేజీ మీద కూకోబెట్టుకోండి. ఆ మాత్రానికి సీటెందుకు?"

"కేరేజీ మీద కూర్చుంటే సామానండి. సీటు మీద కూర్చుని తొక్కితే మనిషి."

సన్యాసిరావు కాదనలేదు. అలాంటి సైకిలు భూమ్మీద ఉండదన్న ధైర్యంతో.

కరీముల్లా కూడా మొదట నమ్మలేదు. "రెండు సైకిళ్లిచ్చి ఒకటి పట్టుకెళ్తానంటారేంటి మేడమ్?" అని నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆ నవ్వులోనే నన్ను అతికాడు. వెనక హ్యాండిలు ఊరికే పట్టుకోవడానికి పెట్టాడు, అది తిరగదు. బ్రేకులు కూడా ముందువాళ్ల చేతిలోనే. వెనక కూర్చున్నవాళ్లు తొక్కగలరు, చెయ్యి చూపగలరు, దేవుణ్ణి తలచుకోగలరు. అంతే. మనుషుల్ని చూడాలంటే ఆ సీటును మించిన చోటు లేదని నాకు తరవాత తెలిసింది.

మొదటిరోజు మేడమ్ నన్ను బడి గ్రౌండులో పరీక్షించింది. వెనక సైన్సు మాస్టారు ఎక్కారు. ఆయన బరువు గురించి ఆవిడ లెక్క తప్పింది. నేను గ్రౌండంతా పాములా తిరిగి, ఇద్దరినీ లాంగ్‌జంప్ ఇసుకలో దింపాను. పిల్లలు గోడలెక్కి చప్పట్లు కొట్టారు. మాస్టారు ఇసుకలోంచి లేవకుండానే, "మళ్లీ ఎక్కుదామా?" అని అడిగారు. నాకు ఆయన అప్పుడే నచ్చేశారు.

పైడితల్లి ఎక్కిన రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. హైవే మలుపు దగ్గర సన్యాసిరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు, పక్కన ఒక పొడుగు కర్రకి నారింజ జెండా. మేడమ్ ఆ పిల్లకి ఒకటే పని అప్పగించింది. "నాకు వెనక కళ్లు లేవు. నువ్వే నా కళ్లు. వెనక్కి చూడు, ఖాళీ ఉందని చెప్పు, తిరిగేముందు చెయ్యి చాపు. నువ్వు చెప్పకపోతే నేను కదల్ను."

 పిల్ల నా వెనక హ్యాండిలుని గట్టిగా పట్టుకుని, తల తిప్పి వెనక్కి చూసింది. ఒక లారీ పోయింది, ఒక బస్సు పోయింది, ఆపైన రోడ్డు ఖాళీ అయింది. "ఇప్పుడు," అంది పైడితల్లి. చెయ్యి చాపింది. మేము రోడ్డు దాటాము. అవతల బడి దాకా పల్లం. నేను ఆగను కదా. జెండా రెపరెపలాడింది, జడలు గాల్లోకి లేచాయి. నా వెనక సీటు నుంచి మొదట ఒక కీచుమన్న శబ్దం, తరవాత ఒక నవ్వు వచ్చాయి. ఎన్నాళ్లుగానో లోపల దాచిపెట్టినట్టు, ఆగకుండా వచ్చిన నవ్వు.

"మేడమ్, బ్రేకెయ్యకండి," అంది.

ఆ తరవాత నాకు తీరిక లేదు. బడి మానేసిన పిల్లలంతా ఒక్కొక్కరే నా వెనక ఎక్కి, రోడ్డు నేర్చుకుని, తమ సైకిళ్ల మీదకి వెళ్లిపోయారు. ఎడమ పక్కనే పోవడం, జట్టుగా పోవడం, ఆగి ఉన్న లారీ పక్కనుంచి దూరకపోవడం, మెరిసే పట్టీ కట్టుకోవడం. తరవాత తల్లులు వచ్చారు. అసలు గొడవ వాళ్లతోనే. పిల్లలు దిగమంటే దిగుతారు. తల్లులు దిగరు.

శేషారత్నం అక్కడితో ఆగే మనిషి కాదు. ఇలాంటి బడి, ఇలాంటి మలుపు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి కదా అని ఆలోచించింది. వేసవి సెలవుల్లో ఇచ్ఛాపురం నుంచి తడ దాకా, రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకి, నా మీద వెళ్లాలని తేల్చింది. ఊరూరా ఆగి పిల్లలకి రోడ్డు నేర్పాలి, బళ్ల దగ్గర సైకిళ్లకి వేరే దారి కావాలని అడగాలి. వెనక సీటు మీదకి డ్రైవర్లని, పోలీసులని, రోడ్లు వేసేవాళ్లని ఎక్కించాలి. తోడుగా పైడితల్లి రావాలి.

సన్యాసిరావు ఈసారి గట్టిగానే కాదన్నాడు. "బడికెల్తే సరే. రాష్ట్రమంతా తిప్పుతానంటారేటి?"

"మీరొకసారి ఎక్కి చూడండి. తరవాత మీ ఇష్టం."

"నానా? సైకిలా?" అని నవ్వాడు. కానీ అప్పటికి నన్ను నడపడం కూడా నేర్చుకున్న పైడితల్లి ముందు సీటు ఎక్కి, ఒక కాలు నేల మీద ఆనించి చూస్తోంది. కూతురు అలా చూస్తుంటే ఏ తండ్రి మాత్రం పారిపోతాడు.

హైవే ఎక్కాము. కాసేపు సన్యాసిరావు దర్జాగానే కూర్చున్నాడు. తరవాత వెనకనుంచి గాలిహారన్ వినిపించింది. అతని కుడికాలు పెడలు వదిలేసి, లేని బ్రేకుని తొక్కింది. చేతులు తిరగని హ్యాండిలుని తిప్పబోయాయి. లారీ మా పక్కనుంచి ఇంటిగోడ కదిలిపోయినట్టు పోయింది. నేను ఊగాను. పైడితల్లి మాత్రం హ్యాండిలు బిగించి, కళ్లు రోడ్డు మీదే ఉంచి, "నాన్నా, కదలకు," అంది.

దిగాక అతను కిలోమీటరు రాయి మీద కూలబడ్డాడు. నీళ్లు అడిగి తాగాడు. 

"ఇన్నేల్లూ హారన్ కొట్టి పక్కకి తప్పిత్తన్నాననుకున్నాను మేడమ్. గుంటలు జడిసిపోయి పడిపోతారని నాకు తెలీదు."

"ఇప్పుడు తెలిసింది కదండి."

"నాకొక్కడికీ తెలిస్తే ఏటి లాభం?" అని లేచాడు. "పదండి. లారీకి సెలవు పెట్టించేత్తాను. మీ ఎనకాల నానూ ఓ సైకిలు మీద వత్తాను."

అలా బయలుదేరాము. ఆ వేసవి తలచుకుంటే ఇప్పటికీ నా గొలుసు ఝల్లుమంటుంది. సన్యాసిరావు ప్రతి ఊళ్లోనూ దాబాల్లో దూరి, టీ తాగుతున్న లారీ డ్రైవర్లని "ఊరికే ఒక్క రౌండేరా" అని చెయ్యిపట్టి లాక్కొచ్చేవాడు. ఎక్కేటప్పుడు మీసాలు తిప్పేవాళ్లు, దిగేటప్పుడు భార్యాపిల్లల్ని తలచుకునేవాళ్లు. తునిలో ఒక ఎస్సై ఎక్కి, చాపిన చెయ్యి దింపడం మరిచిపోయి, ఊరంతా కుడికి తిరుగుతున్నట్టే వెళ్లాడు. ఏలూరులో పెళ్లిబట్టల్లో ఉన్న జంట ఎక్కి దిగనని మొండికేసింది. వెనకాల బాజాలు పరిగెత్తాయి, బాజాల వెనక పెళ్లివారు పరిగెత్తారు, ఎందుకో తెలియకపోయినా ఒక ఐస్‌క్రీం బండివాడు కూడా పరిగెత్తాడు. ఊరు మారేకొద్దీ మా వెనక సైకిళ్లు పెరిగాయి. బాపట్ల దాటేసరికి గంటల చప్పుడుకి ముందున్నవాళ్ల మాట వెనకవాళ్లకి వినబడలేదు.

ఒంగోలులో సభ పెట్టారు. రోడ్ల శాఖలో పెద్ద పదవిలో ఉన్న భుజంగరావు గారు వచ్చారు. జెండా ఊపి, నాలుగు మంచిమాటలు చెప్పి వెళ్లిపోదామని వచ్చిన పెద్దమనిషి. సైకిళ్లకి వేరే దారి అంటే స్థలం చాలదని మైకులో మర్యాదగా చెప్పారు. పైడితల్లి నన్ను నడిపించుకుంటూ స్టేజీ దగ్గరికి వెళ్లింది.

"సార్, ఒక్కసారి ఎక్కండి."

"నాకు మోకాళ్ల నొప్పమ్మా."

"తొక్కక్కర్లేదు సార్. పట్టుకుంటే చాలు."

జనం ఓ అని అరిచారు. కెమెరాలు లేచాయి. పాపం, ఆయన ఎక్కారు. శేషారత్నం ముఖం మొదటిసారి పాలిపోవడం చూశాను. ఎందుకంటే పైడితల్లి నన్ను సభాస్థలం చుట్టూ తిప్పలేదు, సరాసరి బైపాస్ మీదకి తిప్పింది. మేడమ్ విజిలు ఊదుతూ పరిగెత్తింది. సన్యాసిరావు దగ్గర్లో ఉన్న ఒక లారీవాణ్ణి బతిమాలి, లైట్లు వెలిగించుకుని మాకు కాపలాగా వెనక నెమ్మదిగా వచ్చాడు.

ఎండ మండుతోంది. కారు, బస్సు, ట్యాంకరు, ఒకదాని వెనక ఒకటి. భుజంగరావు గారి ధోవతి కుచ్చిళ్లు గాలికి లేచి నా గొలుసు దాకా వచ్చాయి. బస్సు ఒకటి రాసుకున్నట్టే పోయింది.

"ఆపమ్మా," అన్నారాయన. గొంతులో సభామర్యాద లేదు. "ఆపు తల్లీ."

"ఎక్కడాపమంటారు సార్?" అంది పైడితల్లి, వెనక్కి తిరక్కుండా. "ఇటు గుంత. అటు బస్సు. ఆగడానికి చోటు లేదు సార్. మేం రోజూ ఇలాగే పోతాం."

ఆయన పెట్రోలు బంకు వచ్చేదాకా మోకాళ్ల నొప్పి మరిచి, కూతురి వయసు పిల్లతో సమంగా తొక్కారు. ఆ కాళ్ల బలం చూసి నాకే ముచ్చటేసింది. దిగాక పైడితల్లి తల మీద చెయ్యి పెట్టారు.  సభకి తిరిగివచ్చి మైకు తీసుకుని, "ఇందాక స్థలం చాలదన్నాను. కారులోంచి చూసి చెప్పాను," అని మాత్రం అన్నారు.

అన్నీ అద్భుతంగా జరిగిపోయాయని చెప్పను. మనుషుల పనులకి మనుషుల వేగమే ఉంటుంది. మొదటి సైకిలు దారి కొండపేట హైవే పక్కనే పడింది, అదీ చాలా తిరుగుళ్ల తరవాత. ఇంకొన్ని ఊళ్లలో దారి వేశారు, వేసిన మర్నాడే దాని మీద మిరపకాయలు ఎండబోశారు. మేడమ్ వెళ్లి విజిలు ఊదేది. కానీ బళ్లలో రోడ్డు పాఠం మొదలైంది. విజయనగరంలో డ్రైవర్లకి శిక్షణనిచ్చే మైదానంలో నాకు ఒక రేకుల నీడ కట్టారు. లైసెన్సు కోసం వచ్చే ప్రతి కొత్త డ్రైవరూ ముందు నా వెనక సీటు ఎక్కాలి, పక్కనుంచి ఒక లారీ పోవాలి. సన్యాసిరావే అక్కడ పెద్ద. నేను వాళ్ల కేకలు వింటూ, కొత్త రంగు వేయించుకుంటూ దొరలా బతుకుతున్నాను.

ఏళ్లు గడిచాయి. మొన్న శేషారత్నం మేడమ్ ఉద్యోగ విరమణ. నన్ను వ్యానులో కొండపేటకి తీసుకెళ్లారు. పైడితల్లి ఇప్పుడు అక్కడే ఆటల టీచరు. మేడమ్ అలవాటుగా ముందు సీటు పట్టుకోబోతే, పైడితల్లి ఒప్పుకోలేదు. దండలతో సహా వెనక కూర్చోబెట్టింది. మా వెనక బడిపిల్లలంతా సైకిళ్ల మీద గంటలు మోగిస్తూ బయలుదేరారు. కొత్తదారి మీద అక్కడక్కడా వేపపూలు రాలి ఉన్నాయి. పక్కన హైవే మీద లారీలు వాటి దారిన అవి పోతున్నాయి. ఎదురుగాలి. నాకు బరువుగానే ఉంది.

"మేడమ్, తొక్కుతున్నారా?" అని అరిచింది పైడితల్లి, రొప్పుతూ.

"తొక్కుతున్నానే," అంది శేషారత్నం.

రెండు కాళ్లూ పెడళ్ల మీంచి తీసి, గాల్లోకి బార్లా చాపి, చెప్పులు చేతిలో పట్టుకుని, ఆవిడ పకపకా నవ్వుతోంది. నేను ఆ సంగతి ముందు సీటుకి చెప్పలేదు.