చిలకల మేజోళ్ళు

"మా ఆవిడకి గుండీ కుట్టడం కూడా రాదండీ," అన్నాడు వరప్రసాద్ ఇంటర్వ్యూలో. యాంకరమ్మ పడీ పడీ నవ్వింది. సోఫాలో కూచుని ఫోనులో అది చూస్తున్న అతని తల్లి జగదాంబ కూడా నవ్వింది. పక్కనే అతని సినిమాకి మేజోళ్ళు అల్లుతున్న అతని భార్య మనోజ సూదులు ఆపలేదు.

వరప్రసాద్ ఫిల్మ్‌నగర్‌లో పెద్ద కాస్ట్యూమ్ డిజైనర్. అతనికి పేరు తెచ్చిన ఊలు పనంతా ఈ సోఫా మూలనే పుట్టింది. టైటిల్స్‌లో నా పేరు కూడా వేయించండని మనోజ ఒకే ఒక్కసారి అడిగింది. సొంత పెళ్ళానికి పేరేమిటి, జనం నవ్వుతారన్నాడు. కోడలు పొద్దస్తమానం ఊలుతో ఆడుకుంటుందని అత్తగారు చుట్టాలందరికీ చెబుతుంది. వంటా, ఆవిడ మోకాళ్ళకి నూనె, ఆయన చొక్కాల ఇస్త్రీ అయ్యాకే పాపం ఆ ఆట.

ఈసారి హీరోయిన్‌కి మంచు పాట. తెల్ల ఊలు మీద ఆకుపచ్చ చిలకలు. పిక్క దగ్గర మొదలెట్టి కిందికి అల్లుకు రావాలి గనక చిలకకి ముందు తల, చివర తోక. పాదం పొడుగు ఆఖరున వేళ్ళ దగ్గర తేలుతుంది. అందుకే ఎవరికి అల్లినా మనోజ తన కాలికి తొడిగి చూసుకుని, వాళ్ళ కొలతకి పెంచుతుంది. ఈ అమ్మాయి పాదం తనకంటే రెండు వేళ్ళ వెడల్పు పొడుగు.

జోడులో తేడా రాకుండా రెండిటికీ వేళ్ళ దగ్గర ఒకేసారి మూయడం ఆమె అలవాటు. సూదులు తీయకుండానే రెండూ జాగ్రత్తగా తొడుక్కుంది. పగుళ్ళ పాదాలు వెచ్చబడ్డాయి. ఇన్నేళ్ళలో తనకంటూ ఒక్క జత అల్లుకోలేదని అప్పుడు తట్టింది. ఏడుపొచ్చింది. ఆ వెనకే ఒళ్ళు మండింది.

గదిలోంచి ఆయన కేకేశాడు. గంటలో కారొస్తుందట, సెట్‌లో అందరూ వీటికోసమే కూచున్నారట.

"అయిపోవచ్చిందండీ," అంది.

ఇవి సాగే రకం కాదు. చిలకల వెనక రెండో దారం బిగుతుగా నడుస్తుంది, పొట్టిదైతే ఇక పొట్టిదే. సాయంత్రం ఇంట్లో ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. కిందటేడు అతను మెలిపెట్టిన మణికట్టు ముసురు పడితే ఇంకా సలుపుతుంది.

అయినా ఆ రెండు వేళ్ళూ పెంచలేదు. తన బొటనవేలి దగ్గరే మూసి, ముడేసి, దారం కత్తిరించింది.

వరప్రసాద్ వచ్చి ఏవని చెయ్యి చాపాడు. మనోజ లేచి నిలబడి, కుచ్చెళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుంది.

"గుండీ కుట్టడం కూడా రానిదాన్ని కదండీ. నా కాళ్ళ కొలత ఒక్కటే తెలుసు."