తోకమనిషి

అత్తగారిని వెంటబెట్టుకుని ఉద్యోగానికి వెళ్లకూడదని ఏ శాస్త్రంలోనూ రాయలేదు గానీ, రాసి ఉండాల్సింది. ఆ రోజు కోడలికి ఆ సంగతి బాగా తెలిసొచ్చింది.

ఆమె సముద్రతీరంలోని జాతీయ పార్కులో గైడు. మడ అడవిలోంచి చెక్కబాట మీదుగా జనాన్ని నడిపించి, పాయ దాటించి, అవతలి ఇసుకదిబ్బ మీద పక్షుల్ని చూపించి, పోటు తిరిగేలోగా వెనక్కి తీసుకురావాలి. పోటు మొదలైతే ముందు నిండేది ఆ పాయే. ఆ తర్వాత దిబ్బ మీదున్న వాళ్ల పని గోవిందా.

"జనాన్ని ఇసుకలో తిప్పడం కూడా ఓ పనేనా?" అని ఇన్నాళ్లూ దెప్పిన అత్తగారు, కొడుకు పనిమీద ఊరెళ్లేసరికి ఇంట్లో తోచక, "పద, ఆ పనేమిటో నేనూ చూస్తాను" అని బయల్దేరింది. వద్దని ఎవరనగలరు?

ఆ నడకలకి ఓ పద్ధతుంది. అందరికంటే వెనక నడిచేవాళ్ల మెడలో ఎర్ర కండువా వేస్తారు. వాళ్లని తోకమనిషి అంటారు. తోక వెనకాల ఎవ్వరూ ఉండకూడదు. మడచెట్ల మధ్య బాట మెలికలు తిరుగుతుంది, వరసంతా ఒక్కసారిగా కంటికి ఆనదు. అందుకని గైడు వెనక్కి తిరిగి, చివర్లో ఎరుపు కనిపిస్తే అందరూ వచ్చినట్టే లెక్కేసుకుని ముందుకెళ్తుంది.

"తోకని నేనా?" అంది అత్తగారు కండువా అటూ ఇటూ తిప్పి చూస్తూ. "బావుంది. ఇంట్లో ఉన్న హోదా చాలదన్నట్టు."

"బాధ్యత గలవాళ్లకే ఇస్తామత్తయ్యా. మీ వెనక ఎవర్నీ వదలకండి, అంతే."

నిజం చెప్పాలంటే బాధ్యతా లేదు, గాడిదగుడ్డూ లేదు. వెనకుంటే చెవి దగ్గర సణుగుడు ఉండదని కోడలి ఎత్తు. ఎత్తు పారింది కూడా. వెళ్లేటప్పుడు దారంతా ప్రశాంతంగా గడిచింది. బురదలో గెంతే చేపల్ని చూపించింది, పటకారులాంటి ఒక్క పెద్ద డెక్కని ఊపే పీతల్ని చూపించింది, పార్కు చూడటానికొచ్చిన కొత్త జంట ఫొటోల కోసం రెండుసార్లు ఆగింది. బైనాక్యులర్ మెడలో వేసుకొచ్చిన ఓ పెద్దాయన మాత్రం ప్రతి పిట్ట దగ్గరా నిలబడిపోతుంటే, వెనకనుంచి అత్తగారు "నడవండి నాయనా, అది మళ్లీ రేపూ వస్తుంది" అని తోలుకొచ్చింది. అది విని కోడలికి నవ్వొచ్చింది.

తిరుగుదారిలో గాలి మారింది. పడమటి నుంచి మబ్బు కమ్మింది. పోటు చెప్పిన వేళకంటే ముందే తిరిగేలా ఉందని కోడలికి అనుమానం పుట్టి, నడక వేగం పెంచింది. పాయ దాటి, మడచెట్లలోకి మలుపు తిరిగే చోట ఆగి వెనక్కి చూసింది. వరస చివర ఎరుపు. హమ్మయ్య అనుకుని తలూపి, "త్వరగా, త్వరగా" అని అందర్నీ తరిమింది. చెక్కబాట మీద ఇంకోసారి చూసింది. ఎరుపు ఉంది.

గేటు దగ్గరికొచ్చాక అందరూ కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే చూసింది. ఎర్ర కండువా కొత్త పెళ్లికూతురి తలకి కట్టి ఉంది.

"ఇది నీకెవరిచ్చారమ్మా?"

"ఆ ఆంటీ. ముందుకెళ్లి మీకిమ్మన్నారు. గాలికి జుట్టంతా మొహమ్మీద పడుతోందని కట్టుకున్నా. గేటు దగ్గర ఇచ్చేద్దామనుకున్నా" అని ఆ పిల్ల గబగబా ముడి విప్పబోయింది.

"ఆవిడేరీ?"

ఆ పిల్ల వెనక్కి చూసింది. అందరూ చూశారు. బాట ఖాళీగా ఉంది. బైనాక్యులర్ పెద్దాయన కూడా లేడు.

 కోడలు గేటాయనకి పడవ పిలిపించమని అరిచింది. పడవ అవతలి కొసన ఉందని, రావడానికి కాస్త పడుతుందని ఆయన అంటుండగానే వచ్చిన దారిలో పరుగెత్తింది. చెక్కలు కాళ్లకింద దడదడలాడాయి. కింద బురదలోకి అప్పుడే నీళ్లు పాకుతున్నాయి. జేబులో ఫోను మోగింది. మొగుడు. తీసి ఏం చెప్పాలి? మీ అమ్మని దిబ్బ మీద వదిలేసి వచ్చానని చెప్పాలా? దేవుడా, ఆవిడకి ఈత కూడా రాదు.

పాయ తొడలదాకా వచ్చేసింది. ప్రవాహం పక్కకి లాగుతోంది. "అత్తయ్యా!" అని గొంతు చించుకుంది. గాలి తప్ప ఎవరూ పలకలేదు. ఆ మనిషితో ఒకే ఇంట్లో ఇన్నేళ్లుండి, ఇంత గట్టిగా పిలిచింది ఇప్పుడేనని తట్టి ఏడుపొచ్చింది.

దిబ్బ అంచున, నీళ్ల మధ్య రెండు తలలు కనిపించాయి. పెద్దాయన కాలు మోకాలిదాకా ఊబిలో దిగబడిపోయింది. అత్తగారు ఆయన వెనక బురదలో చతికిలబడి, చంకల కింద చేతులేసి పట్టుకుని కూర్చుంది. నీళ్లు ఆవిడ నడుముకొచ్చాయి.

"వచ్చావా" అంది పళ్లు టకటకలాడుతుండగా. "ఎంత లాగినా రావట్లేదే అమ్మాయ్."

"లాక్కూడదత్తయ్యా! లాగితే ఇంకా పట్టేస్తుంది. మీరలాగే పట్టుకోండి. పెద్దాయనా, వెనక్కి వాలండి, కాలు మెల్లగా ఆడించండి."

కోడలు రెండు చేతులూ బురదలో దూర్చి, ఆయన పిక్క చుట్టూ తవ్వుతూ లోపలికి నీళ్లు పోనిచ్చింది. తవ్వినదంతా మళ్లీ మూసుకుంటోంది. కెరటం వచ్చి మొహాన కొట్టింది. ఇద్దర్లో ఒక్కర్నైనా ఒడ్డుకి చేర్చాలేమోనన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. ఆ ఒక్కరూ ఎవరో కూడా తెలుసు. అంతలో బురద గుటుక్కుమంది. బూటు లోపలే ఉండిపోయి కాలు బయటికొచ్చింది. పడవ చప్పుడు వినబడేసరికి ముగ్గురూ ఒకర్నొకరు పట్టుకుని, ఛాతీదాకా నీళ్లలో నిలబడి ఉన్నారు.

పడవలో పెద్దాయన కళ్లు మూసుకుని పడుకున్నాడు. కోడలి భయం కాస్తా కోపమైంది.

"మీరెందుకుండిపోయారు? నాతో చెప్పాలిగా!"

"నువ్వేగా అన్నావు, తోక వెనకాల ఎవరూ ఉండకూడదని. ఈయన ఉండిపోయాడు, నేనెలా వస్తాను? అందుకే కండువా పంపాను. తోకమనిషి లేకుండా కండువా ముందుకొస్తే నీకు తెలుస్తుందిగా అనుకున్నా."

కోడలు ఆవిడ మొహమ్మీది బురద చేత్తో తుడిచింది.

"కేకలు కూడా వేశాను. గాలి నోట్లోకే తోసేసింది. ఆ చెట్ల మలుపు దగ్గర నువ్వాగి చూశావు చూడు, అప్పుడు రెండు చేతులూ ఊపాను. నువ్వు తలూపావు. చూసింది, వస్తుందిలే అని ఈయనకి ధైర్యం చెప్పాను."

"నేను మిమ్మల్ని చూడలేదత్తయ్యా. కండువానే చూశాను."

అత్తగారు తడిసి చెదిరిన జుట్టు వెనక్కి తోసుకుంది. కోప్పడలేదు. కోప్పడినా బావుండేది.

"పోనీలే. ఇంట్లోనూ అంతేగా. వచ్చేటప్పుడు వీధిలోంచి నా గదిలో లైటు చూస్తావు, నీ గదికి వెళ్లిపోతావు" అంది మామూలుగా, కూర్చున్నచోటే ఒళ్లు దగ్గరికి లాక్కుంటూ.

కోడలు గట్టు వచ్చేదాకా ఆవిడ చెయ్యి వదల్లేదు. ఏడుస్తూనే ఉంది. "ఊరుకో, అంతా చూస్తున్నారు" అని అత్తగారు రెండుసార్లు గదిమింది గానీ, చెయ్యి మాత్రం లాక్కోలేదు.

ఆ సాయంత్రం వేన్నీళ్లు పోసుకున్నాక అత్తగారి గదిలో లైటు వెలిగింది. కోడలు తన గది గుమ్మందాకా వెళ్లి, వెనక్కి తిరిగొచ్చి తలుపు తోసింది.

"ఏమిటే, ఏం కావాలి?" అంది అత్తగారు దుప్పట్లోంచి.

"ఏం లేదత్తయ్యా. ఉన్నారా అని."