ఫాదర్ వ్లాయ్చో సగం వాక్యం

ఒరెహోదోల్ ఊరి పఠనమందిరంలో అడుగుపెట్టినవాళ్లకు మొదట కనబడేది పుస్తకాలు కాదు, బెదిరింపు. తలుపుకు ఎదురుగా నల్లచట్రంలో ఇంతింత అక్షరాలతో వేలాడుతూ ఉంటుంది: "ఈ పుస్తకానికి నకలు తీసి పొరుగూరికి ఇచ్చేవాడు ఎవడైనా సరే, వాడి ఇల్లు". అంతే, అక్కడితో ఆఖరు. రెండువందల ఏళ్ల కిందట ఫాదర్ వ్లాయ్చో బాతు ఈకతో రాసిన పుస్తకంలో, ఈ ఊరికి దక్కిన ఆఖరి కాగితం మీది మాట అది. తరవాతి కాగితం ఊళ్లో లేదు. లేకపోతేనేం, ఊరందరూ దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు పూర్తి చేసేసుకున్నారు. కూలిపోవాలని కొందరు, తగలబడాలని కొందరు, ఎలుకలు పట్టాలని ఇంకొందరు.

లైబ్రేరియన్ బొగ్దానా ఛాకొవాది కూలిపోయే పక్షం. ఆ రాతప్రతికి ఫొటోలు తీసి నెట్‌లో పెట్టిన రోజే, ప్రతి పేజీ ఫొటో నడుమా పఠనమందిరం ముద్ర అడ్డంగా కొట్టించింది. లైసెన్స్ గడిలో "వాడుకోరాదు, మార్చరాదు, మరి దేనితోనూ జోడించరాదు" అని టిక్కు పెట్టింది. బొమ్మలు వాడుకోవచ్చా అని ఏ పరిశోధకుడు రాసినా ఒకటే జవాబు పంపేది. కుదరదని రెండు ముక్కలు, కింద ఫాదర్‌గారి సగం వాక్యం. దెబ్బకు మళ్లీ రాసినవాడు లేడు.

ఇంతకీ తరవాతి కాగితం ఎక్కడుందో అందరికీ తెలుసు. కొండకు అవతల, క్రుషెవిత్స మ్యూజియంలో. అక్కడి ఫాదర్లకు పెళ్లిళ్లు, సంసారాలు మామూలే; ఫాదర్ వ్లాయ్చో మనవళ్లిద్దరూ ఆస్తి పంచుకుంటూ ఆవుల్ని, గొర్రెల్ని, రాగి బిందెల్ని పంచుకున్నాక మిగిలిన పుస్తకాన్ని నిట్టనిలువునా చీల్చుకున్నారు. ముందుసగం ఇక్కడ, వెనకసగం అక్కడ. ఆ వెనకసగానికి కాపలాదారు గాంచో. అతగాడు కూడా ఫొటోలు నెట్‌లో పెట్టాడు, అతగాడు కూడా ముద్ర కొట్టాడు. అదీ మామూలు ముద్రా! కోట బురుజు, రెండు సింహాలు, పైన సూర్యుడు. ఆ సింహాల తోకల కింద అక్షరం ముక్క కనబడదు. అసలు ప్రతి గాజుపెట్టెలో ఉంది, తాళం గాంచో జేబులో ఉంది. పెట్టెలో ఎప్పుడూ బొమ్మ ఉన్న పేజీయే తెరిచి ఉంటుంది.

వెళ్లి అడగొచ్చు కదా అంటారా? చాలా ఏళ్ల కిందట జిల్లా ప్రదర్శనలో గాంచో తన కాగితాల పక్కన ఒక చీటీ పెట్టాడు. "క్రుషెవిత్స గ్రంథం. ఇందులోని కొన్ని చిరుగు పేజీలు ఒరెహోదోల్‌లో పడి ఉన్నాయి" అని. పడి ఉన్నాయట! బొగ్దానా ఆ చీటీ చదివి, అతని మ్యూజియం గడప తొక్కనని అక్కడికక్కడే ఒట్టు పెట్టింది. ఆ ఒట్టే ఇప్పుడు ఆమె కాళ్లకు అడ్డం పడింది. ఈ మే నెలాఖరుకు ఆమె రిటైరవుతోంది. ఉద్యోగం మొత్తం ఆ పుస్తకం పక్కనే గడిపింది, దాని దుమ్ము దులిపింది, చలికాలంలో తన పొయ్యి దగ్గరి కట్టెలు తెచ్చి దాని గది వెచ్చగా ఉంచింది. తాళాలు అప్పగించేలోగా ఆ వాక్యం ఎలా ముగుస్తుందో, ఆ తరవాత ఫాదర్ ఏం రాశాడో ఒక్కసారి చదవాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. ఆ మాట పైకి అంటే గాంచో ముందు తల వంచినట్టేనని నోరు కట్టుకుని కూర్చుంది.

అలాంటి సమయంలో రాజధాని సోఫియా నుంచి ప్రాజెక్టు పని మీద రదొస్తీనా అనే పిల్ల దిగింది. చేతినిండా కాగితాలు, కాళ్లకు ఎర్ర బూట్లు, నోటినిండా మాటలు. రెండు సగాలనూ కలిపి ఒకే పుస్తకంగా నెట్‌లో పెడతానంది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, పాఠాలు చెప్పుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు.

"జోడించరాదని మీరిద్దరూ టిక్కు పెట్టారు పిన్నీ. అది ఉన్నంతవరకు నేను మీ పేజీ పక్కన ఆయన పేజీ పెట్టడానికి కూడా వీల్లేదు. నాకున్న గడువు మీ రిటైర్‌మెంట్ దాకే. ఆ తరవాత మా ప్రాజెక్టు మూత పడుతుంది."

"ముందు గాంచోని తియ్యమను. తరవాత చూస్తాను."

"ఆయన్ని అడిగానండీ. ముందు ఒరెహోదోల్ వాళ్లని తియ్యమను, తరవాత చూస్తానన్నారు."

"అన్నాడా! వాడి మొహానికి నన్ను తియ్యమనడం కూడానా!" బొగ్దానా ఒంటికాలి మీద లేచింది. "అయినా పిల్లా, అలా ఊరికే వదిలేస్తే ఎవడు పడితే వాడు తీసుకుపోతాడు. ఇంక మాదంటూ ఏం మిగులుతుంది? ఆ గోడ మీద చూడు, ఫాదరే శాపం పెట్టి మరీ పోయాడు."

రదొస్తీనా గోడ వంక చూసింది. "శాపం అని ఎక్కడుంది? సగమే ఉందిగా."

"వాడి ఇల్లు అన్నాక ఇంకేం వస్తుందమ్మా? రంగులు వెయ్యాలని వస్తుందా?"

రదొస్తీనా పకపకా నవ్వేసింది. బొగ్దానాకు కూడా నవ్వొచ్చింది గానీ దగ్గుతో కప్పేసుకుంది. కాసేపటికి ఆ పిల్ల గోడ మీది క్యాలెండర్ చూస్తూ, "పిన్నీ, గాంచో అసలు పేరు గియోర్గి, అంటే జార్జే కదా? రేపు సెయింట్ జార్జి పండగ. ఆ పేరు పెట్టుకున్నవాళ్లందరికీ పేరు పండగ" అంది.

ఆ ఒక్క ముక్కతో బొగ్దానా కళ్లు మెరిశాయి. పుట్టినరోజుకైతే పిలిస్తే వెళ్లాలి. పేరు పండగకు పిలుపు ఉండదు. ఎవరైనా రావచ్చు, వచ్చినవాణ్ని ఎందుకొచ్చావని అడగడం మహా తప్పు, గ్లాసు చేతికివ్వడమే. పైగా ఒట్టు మ్యూజియం గడపకు గానీ గాంచో ఇంటి గడపకు కాదు. ఇన్నేళ్లూ ఈ సందు తనకు ఎందుకు తట్టలేదా అని బొగ్దానా తనను తానే తిట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే తన పెరట్లో తులిప్ పూలు కోసి, గుత్తి కట్టి, నీలం కోటు తొడుక్కుని, రదొస్తీనాను వెంటబెట్టుకుని బస్సెక్కింది. కొండ మలుపుల్లో బస్సు ఎగిరెగిరి పడింది. దిగి, గాంచో వాకిట్లో నిలబడి గుత్తి చూసుకుంది. ఒక పువ్వు తల తెగి బస్సులోనే రాలిపోయింది. మిగిలినవి సరిసంఖ్య. సరిసంఖ్య పూలు సమాధి మీద పెడతారు గానీ బతికున్నవాడి చేతికి ఇస్తారా!

"ఇంకొకటి తీసి పారేద్దాం పిన్నీ, ఇలా ఇవ్వండి" అని రదొస్తీనా గుత్తి అందుకోబోతుండగానే తలుపు తెరుచుకుంది. నడుముకు ఏప్రాన్, చేతిలో పెద్ద గరిటె, బుగ్గలు ఎర్రగా కాలిన రాగి రంగు. గాంచోయే.

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. లోపల్నుంచి పుదీనా వేసి కాల్చిన గొర్రెపిల్ల వాసన గుప్పుమంది.

"నీ పేరు చల్లగా ఉండాలి గాంచో" అంది బొగ్దానా, గుత్తి ముందుకు చాచి.

గాంచో పూల వంక చూశాడు. పెదాలు కదిలాయి, లెక్కపెడుతున్నాడు. "ఏం బొగ్దానా, నన్ను పూడ్చిపెట్టి పోదామని వచ్చావా?"

"ఒకటి నీ ఊరి రోడ్డు మింగేసింది. గుంటలు పూడ్పించరాదూ, సింహాల ముద్రలు చేయించేబదులు?"

గాంచో గరిటె చంకలో పెట్టుకున్నాడు. గుత్తిలోంచి ఒక తులిప్ లాగి చెవి వెనక దోపుకున్నాడు. "ఇప్పుడు సరిపోయింది. రండి లోపలికి, అన్నం చల్లారిపోతోంది. మింకా! ఇంకో రెండు గ్లాసులు!"

భోజనాల గది కిటకిటలాడుతోంది. గాంచో భార్య మింకా వాళ్లిద్దరినీ బల్ల నడిమధ్య ఇరికించి కూర్చోబెట్టింది. రాకియా సారా పోసింది, ఉల్లికాడలు వేసింది, మాంసం పెట్టింది, పెరుగు పెట్టింది. తినకపోతే ఊరుకునే రకం కాదు. బొగ్దానా మొదటి గుటక మింగి తలెత్తింది. ఎదురుగా గోడ మీద, బంగారు చట్రంలో, ఒక పాత కాగితం ఫొటో. ముద్ర లేదు, సింహాలు లేవు. ఆ చేతిరాత ఆమెకు నిద్దట్లో చూపించినా గుర్తుపడుతుంది.

"అదా?" అన్నాడు గాంచో, ఆమె చూపు పట్టుకుని, రొమ్ము విరుచుకుంటూ. "మా సగంలో మొట్టమొదటి మాట. ఫాదర్ మా క్రుషెవిత్స వాళ్లకు పెట్టిన దీవెన. పుస్తకాన్ని ఎవరికీ ఇవ్వకుండా భద్రంగా దాచినందుకు. ఆ మొదటి వరస మా ఊళ్లో ప్రతి పెళ్లిలోనూ చదువుతాం. చదవనా?"

"నేను చదువుతాను" అంది బొగ్దానా.

ఆమె లేచి నిలబడింది. ముందు తన గోడ మీది ముక్క అంది. అది ఆమెకు చట్రం అక్కర్లేకుండా వచ్చు. "ఈ పుస్తకానికి నకలు తీసి పొరుగూరికి ఇచ్చేవాడు ఎవడైనా సరే, వాడి ఇల్లు..." అని, ఆగకుండా గాంచో గోడ మీదికి వెళ్లింది. "...గోధుమలతో నిండుగాక, వాడి చెయ్యి నొప్పి ఎరగకుండా ఉండుగాక. నేను కూడా నకలు తీసుకునే రాశాను. తప్పులుంటే దిద్దుకోండి, నన్ను తిట్టకండి. అడిగినవాడికి లేదనకండి."

రదొస్తీనా రెండు చేతులతో నోరు మూసుకుంది. అది నవ్వో ఏడుపో తనకే తెలియలేదు.

"మళ్లీ చదువు" అన్నాడు గాంచో.

మళ్లీ చదివింది. గాంచో కూలబడ్డాడు. చెవి వెనక తులిప్ జారి పెరుగు గిన్నెలో పడింది.

"అంటే... దాచినవాళ్లకు కాదా దీవెన?"

"పంచినవాళ్లకు. మా వాళ్లకూ శాపం లేదు, మీ వాళ్లకూ దీవెన లేదు" అంది బొగ్దానా. అంటుంటే కళ్లు నిండిపోయాయి. సిగ్గుతో కొంత, మరీ ఎక్కువగా సంతోషంతో. "ఎంతమందిని తరిమానో గాంచో! పాపం, ఒక కుర్రాడు నాలుగు ఉత్తరాలు రాశాడు. ఫాదర్ గోధుమలు పొయ్యమన్నవాళ్ల మీద నేను ఇల్లు కూల్చాను!"

"నీదేముంది, నేను పెళ్లిళ్లలో చదివాను" అన్నాడు గాంచో నీరసంగా. "మొన్న మా కోడలి పెళ్లిలో కూడా."

"మరి ఆ పిల్లకు దీవెన పని చేసిందా?" అంది రదొస్తీనా ఉండబట్టలేక.

మింకా గిన్నెలోంచి తులిప్ ఏరుతూ, "చెయ్యక! అది మూడు ఊళ్లకు జామ్ పంచిపెడుతుంది. ఈయన మ్యూజియం తాళమే ఎవరికీ ఇవ్వడు" అంది. గదంతా గొల్లుమంది. ఆ నవ్వులో గాంచో కూడా కలిసిపోయాడు, తప్పేదేముంది.

తగాదా అంతటితో తీరిందనుకుంటే పొరపాటు. మాంసం అయిపోయి కాఫీ వచ్చేసరికి మళ్లీ మొదలైంది. కలిపిన పుస్తకంలో ఎవరి ఊరి పేరు ముందు రావాలి?

"పేజీల వరసలోనే పేర్లు" అంది రదొస్తీనా. "లైసెన్స్‌లో ఒకే ఒక్క షరతు పెడతాం. ఎవరు వాడుకున్నా ఎక్కడిదో చెప్పాలి. రెండు ఊళ్ల పేర్లూ కలిపే చెప్పాలి, ఒకటి మింగడానికి లేదు."

"అంటే ఒరెహోదోల్ ముందా!" అన్నాడు గాంచో.

"మొదలు మాది, గోధుమలు మీవి. ఇంకేం కావాలి నీకు?" అంది బొగ్దానా. గాంచో కాస్త ఆలోచించి, గోధుమలు తన వాటాకు రావడం న్యాయమేనని ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం మ్యూజియం తాళం తనే తీసి, గాజుపెట్టె తెరిచి, పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మ్యూజియం గడప తొక్కనన్న ఒట్టు ఏమైందని ఎవరూ అడగలేదు. అడిగితే అతని పేరు పండగ పూట మర్యాద కాదు.

రిటైరయ్యే రోజు బొగ్దానా తన కంప్యూటర్ ముందు కూర్చుంది. ముద్ర తీయించడం అప్పటికే అయింది. లైసెన్స్ గడిలో పాత టిక్కులన్నీ తీసేసి, "షరతులు" అన్నచోట ఫాదర్ వ్లాయ్చో వాక్యం ఆసాంతం టైపు చేసింది, కింద రెండు ఊళ్ల పేర్లు. గోడ మీది నల్లచట్రం తియ్యలేదు. దాని పక్కనే గాంచో పంపిన బంగారు చట్రం కొట్టించింది.

తరవాత పాత ఉత్తరాలు తెరిచింది. తను కాదన్న ప్రతివాళ్లకీ, నాలుగుసార్లు రాసిన కుర్రాడితో మొదలుపెట్టి, జవాబు రాస్తూ కూర్చుంది. మధ్యలో ఫోన్ మోగింది.

"బొగ్దానా, ఈ సింహాలు పోవడం లేదమ్మా. ఒకటి పోయింది, రెండోది తోక ఊపుతూ అక్కడే ఉంది. ఏ మీట నొక్కాలి?"

"ఉండు గాంచో, చేతిలో పనుంది. ఇది పంపించి వస్తాను" అని ఫోన్ భుజానికి ఆనించుకుని, ఆ కుర్రాడి ఉత్తరం కింద ఆఖరి ముక్క టైపు చేసింది. "నిరభ్యంతరంగా వాడుకోండి బాబూ. ఆలస్యానికి మన్నించండి. మీ ఇల్లు గోధుమలతో నిండుగాక."