నేను చూసుకుంట

గేటు పక్కన నిలబడి నర్మద పిల్లల నోళ్లు చూస్తోంది.

'నమస్తే మేడం' అంటే పెదవులు మూడుసార్లు కలవాలి. ఒక్కసారే కలిపి దాటిపోబోయిన తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి చూపుతోనే ఆపింది.

"సగం నమస్తేనారా? తక్కిన సగం ఇంట్ల మర్శినవా?"

వాడు వెనక్కి వచ్చి పూర్తిగా అన్నాడు. ఆమె వాడి తల వైపు చూసింది.

"పక్కలకు గొరిగి నడుమ ఇడిసిపెట్టిండేంది? కటింగ్ చేసేటాయనకు మధ్యల కరెంటు పోయిందా?"

వరుసలో అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. బక్కపలచని మనిషి. గంజి పెట్టిన కాటన్ చీర, భుజం మీద పిన్ను, రెండు చెవులూ పూర్తిగా కప్పేలా దువ్వి వెనక ముడేసిన నెరిసిన జుట్టు. ఆ చెవుల గురించి బడిలో పెద్ద పేరే ఉంది. మేడంవి పాముచెవులు, ఆఖరి బెంచీలో గుసగుసలాడినా పట్టేస్తుంది అంటారు. ఆఖరి బెంచీ పెదవులను ఆమె బోర్డు పక్క నుంచే చదువుతుందని ఎవరికీ తెలియదు. ఎడమ చెవి పోయి చాలా కాలమైంది. కుడి చెవిలో ఇప్పుడు మాటలు పడవు, మాటల నీడలు పడతాయి.

సిరిసిల్లలో ఆ సంగతి దాచడం మరీ కష్టమేమీ కాదు. బడి చుట్టూ ఏ గల్లీలో నిలబడ్డా సాంచాల చప్పుడే. మరమగ్గాలను ఇక్కడ సాంచాలంటారు. పొద్దస్తమానం అవి దడదడలాడుతుంటే ఊళ్లో అందరూ అరిచే మాట్లాడతారు, అందరూ రెండోసారి అడుగుతారు. నర్మద పుట్టిందీ ఆ చప్పుడులోనే. తల్లి బుచ్చవ్వ సాంచాల నడుమ కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఉయ్యాల అక్కడే దూలానికి కట్టింది. పిల్ల ఏడుపు వినబడదని ఉయ్యాల తాడు కొస తన కాలి బొటనవేలికి ముడేసుకునేది. తాడు గుంజితే పిల్ల లేచినట్టు.

నలభై దాటేసరికి ఆమె ఒట్టి బుచ్చవ్వ కాదు, చెవిటి బుచ్చి అయింది. కూలీ ఇచ్చే గుమస్తా ఆమె ముఖం మీదే నవ్వుతూ తిట్టేవాడు. తిట్టని తెలియక ఆమె కూడా నవ్వేది. పక్కన నిలబడ్డ పదేళ్ల నర్మదకు ఆ పెదవుల మీది ప్రతి మాటా తెలిసేది. తల్లికి ఎన్నడూ చెప్పలేదు.

అందుకే తన చెవులు మూసుకుపోతున్నాయని తెలిసిన నాడు నర్మద ఎవరికీ చెప్పలేదు. ఉట్నూరు దగ్గర పని చేసినన్నాళ్లూ తరగతికి ఇరవై మంది పిల్లలు, చుట్టూ అడవి, నెట్టుకొచ్చింది. పెద్ద మేడంగా సొంత ఊరికి వచ్చేసరికి ఈ బడి దొరికింది. పిల్లలు గోడ దూకి పోయేవారు. టీచర్లు సంతకం పెట్టి పోయేవారు. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు ఎవరో ఊడదీసి అమ్ముకున్నారు. వెనక వరండాలో గుట్కా ఉమ్ములు కడగడానికి అటెండర్ పరశురాములుకు వారం పట్టింది. ముందున్న హెడ్మాస్టర్ మాట్లాడుతుంటే వెనక నుంచి పిల్లికూతలు వచ్చేవట.

ఆమె కట్టడులు పెట్టింది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నోరు తెరవొద్దు. వెనక నుంచి పిలవొద్దు. ఏం చెప్పినా ఎదురుగా నిలబడి, తల ఎత్తి, కళ్లలోకి చూసి, నిదానంగా చెప్పాలి. ఆఫీసులో ఆమె బల్ల ముందు కిటికీ వెలుగు పడే చోట గచ్చు మీద తెల్లరంగుతో నాలుగు గీతలు గీయించింది. పిల్లలైనా టీచర్లైనా ఆ గడిలో నిలబడే మాట్లాడాలి. టీచర్లు మొదట్లో గొణిగారు. గొణుగుడు ఆమెకు వినబడలేదు.

ఆ కట్టడులతోనే బడి దారికి వచ్చింది. తలెత్తి మాట్లాడటం అలవాటైన పిల్లలు తలెత్తి చదవడం కూడా మొదలుపెట్టారు. పదో తరగతి ఫలితాలు చూసి ప్రైవేటు బడి మాన్పించి పిల్లలను తెచ్చి చేర్పించినవాళ్లున్నారు. 'అట్లుండాలె పెద్ద మేడమంటే' అని వాడంతా అంది. ఇక ఆ పేరులోంచి బయటికి రావడానికి ఆమెకు దారి లేకుండా పోయింది. హైదరాబాదులో కొన్న చెవి మిషన్ బీరువాలో ఉంది. ఒక్కరోజు పెట్టుకుంది. ఊళ్లో సాంచాలన్నీ తల్లోకి వచ్చి ఆడాయి. పైగా అది జుట్టులోంచి కనిపించింది.

గేటు మూయించి లోపలికి వస్తూ ఆమె వరండా చివర చూసింది. ఇనప పట్టీ గంట వేలాడుతోంది. దాని దగ్గర కావ్య లేదు. నిన్నా లేదు.

పదో తరగతి కావ్యది గంట కొట్టే పని. నల్లగా, పొడుగ్గా ఉండే పిల్ల. తండ్రి వెంకటి సాంచాల మీద పని చేస్తాడు. కొట్టే ముందు రాడును తలపైకి ఎత్తి ఒక్క క్షణం అలాగే పట్టుకునేది. రాడుకు ఎర్ర పేలిక ఒకటి కట్టుకుంది. అదొక షోకు అనుకుని నర్మద ఊరుకుంది. వరండా పొడుగునా ఏ గదిలో ఉన్నా కిటికీలోంచి ఆ ఎరుపు పైకి లేవడం కనిపించేది. అది చూడగానే నర్మద సుద్దముక్క కింద పెట్టేసేది.

కావ్య రాకపోవడం ఆమెను నిన్నటి నుంచీ తొలుస్తోంది. శుక్రవారం సాయంత్రం, బడి వదిలాక, ఆ పిల్ల ఆఫీసుకు వచ్చింది. బయట వాన. కరెంటు లేదు. గడిలోనే నిలబడింది కానీ అక్కడ వెలుగు లేదు. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ చాలాసేపు ఏదో చెప్పింది. నర్మదకు ఒక్క మాటా అందలేదు. చున్నీ తియ్యమనవచ్చు. మళ్లీ చెప్పమనవచ్చు. అంత ఏడుపు ఏడ్చిన పిల్లను మళ్లీ మొదటి నుంచి చెప్పమంటే, వినబడలేదని తెలిసిపోదా? పిల్ల ఆగి ముఖంలోకి చూసింది. అందని మాటలన్నిటికీ నర్మద దగ్గర ఒకటే జవాబు ఉంది. తల ఊపి అదే అంది.

"సరే. నేను చూసుకుంట. పో."

పిల్ల కళ్లు తుడుచుకుని, రెండు చేతులతో దండం పెట్టి, వానలోకి పరుగెత్తింది. ఏం చూసుకుంటానని మాట ఇచ్చిందో నర్మదకు ఇప్పటికీ తెలియదు.

తొమ్మిదో తరగతిలో లెక్క సగంలో ఉండగా పిల్లలు పుస్తకాలు మూసి సంచుల్లో పెట్టుకోవడం మొదలుపెట్టారు.

"ఎవలు మూయమన్నరు?"

కటింగ్ పిల్లవాడు లేచి నిలబడ్డాడు. తల ఎత్తి, నిదానంగా, కట్టడి ప్రకారమే చెప్పాడు. "బెల్లయింది మేడం. ఎప్పుడో అయింది."

కిటికీలోంచి చూసింది. గంట దగ్గర ఎవరూ లేరు. పిల్లలిద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు ఆమెకు తెలుసు. కూలీ డబ్బులిచ్చే కిటికీ దగ్గర చూసింది.

"బెల్లయితె లెక్క అయితదా?" బోర్డు వైపు తిరిగింది. "లెక్క అయినంకనే బెల్లు. కూసోండ్రి."

కూర్చున్నారు. ఇంకో రెండు లెక్కలు చేయించింది. రేపటి నుంచి 'మేడం బెల్లయినా వదలదు' అనుకుంటారు. అనుకోనీ. ఆమెకు అలాగే కావాలి.

అన్నాల వేళ సైన్స్ టీచర్ మమతారాణి ఆఫీసులోకి వచ్చి గడిలో నిలబడింది. నోట్లో మాట దాచుకోలేని మనిషి. నర్మద కావ్య సంగతి అడిగింది.

మమతారాణి ముఖం విచిత్రంగా పెట్టింది. "అదేంది మేడం, మీకు చెప్పిందట గద? మేడం చూసుకుంట అన్నది, ఇగ నాకు ఫికర్ లేదని క్లాసంత చెప్పుకుంట తిరిగింది పిల్ల."

"ఆ, చెప్పింది," అంది నర్మద. అన్నాక, ఏం చెప్పిందని అడిగే దారి మూసుకుపోయిందని తెలిసింది. గ్లాసులో నీళ్లు తాగింది. "మీకేమని చెప్పింది?"

"నాకు వేరే చెప్తదా? అదే. వాళ్ల బాపు ఇల్లు ఖాళీ చేసి బొంబయి దిక్కు భీవండి పోదామంటుండట. అక్కడ సాంచాల మీద పని దొరికిందట. మీరొక్కసారి ఇంటికొచ్చి మాట్లాడితె, పిల్లను హాస్టల్ల ఉంచుతనని మీ నోట చెప్తె, ఇడిసిపెట్టి పోతడట. పరీక్షలయ్యేదాక." ఆమె ఆగింది. "మీరు పోలేదా మేడం? బస్సు ఇయ్యాళ్నేనట."

నర్మద లేచింది. "స్కూటీ తియ్యండ్రి."

కొత్త బస్టాండు బయట, ప్రైవేటు బస్సు నెత్తి మీదికి బియ్యం సంచులు ఎక్కిస్తున్నారు. సంచుల పక్కన ఒక కుక్కర్, చుట్టచుట్టిన చాప, తలకిందులుగా కట్టిన ప్లాస్టిక్ కుర్చీ. వెంకటి తాడు బిగిస్తున్నాడు. ఆమెను చూసి చేతులు తుడుచుకుని దిగి వచ్చాడు. బనీను మీద, కనుబొమల్లో, దూది నూగు. సాంచాల మనిషి మాట సాంచాల మనిషిలాగే ఉంటుంది, పెదవులు సాగదీసి. అతని ప్రతి మాటా ఆమెకు అందింది.

"మీ కోసం ఆగిన మేడం. ఐతారం పనికి పోలే. మేడం వస్తదని పిల్ల ఇల్లంత అలికింది. చాయకు పాలు తెప్పించింది. నిన్న గూడ సూసినం."

"వెంకటీ, పిల్లను దించు. హాస్టల్ల నేనే చేర్పిస్త. ఇప్పుడే, నాతోనే."

"ఎట్ల మేడం?" అతని గొంతులో కోపం లేదని ముఖమే చెబుతోంది. "నిన్న పొద్దుగూకె దాక ఆగి భీవండిల ఉన్న అన్నకు ఫోన్ కొట్టిన. నలుగురం వస్తున్నమని చెప్పిన. పిల్లకు కండెల పని మాట్లాడి పెట్టిండు. ఆడపిల్లనాయె, మీరు పట్టించుకుంటరని ధైర్యం జేసేటోన్ని. పెద్ద మనుషులు, మీకు వెయ్యి పనులుంటయి. నేనేమనుకోలే."

చుట్టూ జనం. తన దగ్గర చదివి పోయినవాళ్లు ఇద్దరు ముగ్గురు దండాలు పెట్టారు. మమతారాణి పక్కనే ఉంది. పని ఒత్తిడిలో మరిచానని అంటే సరిపోతుంది. అందరూ నమ్ముతారు. వెంకటి ముందే నమ్మేశాడు.

నర్మద నోరు తెరిచింది. "నాకు ఇనబడలే, వెంకటీ. ఆనాడు పిల్ల చెప్పింది నాకు ఇనబడలే. నాకు చెవులు లెవ్వు."

సరిగ్గా అప్పుడే కాళ్ల కింద నేల అదిరింది. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. నల్లటి పొగ ఇద్దరి మధ్యకు వచ్చింది. మమతారాణి ముక్కుకు కొంగు పెట్టుకుని పక్కకు తిరిగింది. పొగ అవతల వెంకటి కళ్లు చిట్లించి చూశాడు. మాట అందలేదని ఆమెకు తెలిసింది. మళ్లీ చెప్పమంటాడనుకుంది. పెద్ద మేడంను మళ్లీ చెప్పమని ఎలా అడుగుతాడు? మెల్లగా తల ఊపాడు.

"సరే మేడం. మంచిది," అన్నాడు. బస్సెక్కాడు.

మూసిన అద్దం వెనక కావ్య ఉంది. ఆమె చూపు నర్మద పెదవుల మీదే ఉంది, ఎప్పటి నుంచో. సాంచాల మధ్య పుట్టిన పిల్ల. చెయ్యెత్తి తన చెవి ముట్టుకుంది. 'నాకెరుకే' అన్నట్టు తల ఊపింది. తరువాత చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకుని చూపించి, తీసేసి, తన నుదుటి మీద తనే మెల్లగా కొట్టుకుంది. తప్పు నాదే అని.

నర్మద కాదని చెయ్యి ఊపింది. బస్సు కదిలింది. ఆ చెయ్యి వీడ్కోలుకు ఊపినట్టే కనిపించి ఉంటుంది.

"ఊకోండ్రి మేడం," అంది మమతారాణి, ఎదురుగా వచ్చి నిలబడి. "మీరొక్కరు ఎన్నని చూసుకుంటరు?"

బడికి వచ్చేసరికి ఆఖరి పీరియడ్. పరశురాములు గంట కింద స్టూలేసుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేచాడు. పొద్దున గంట సంగతి అడుగుతుందనుకుని ముందే మొదలుపెట్టాడు.

"గట్టిగనే కొట్టిన మేడం. ఈ రాడుకు గా పిల్ల పేలిక గట్టి ఖరాబు జేసింది. పట్టుకునె కాడ గడితె చెయ్యి జారదు. కొసకు కడ్తరా ఎవలన్న? చెయ్యి ఆడ పట్టనే పట్టదాయె! తీసి పారేసిన."

నర్మద రాడు చేతిలోకి తీసుకుంది. కొస దగ్గర, పేలిక ఉన్నంత మేర, ఇనుము తుప్పు లేకుండా నున్నగా ఉంది. పిడి దగ్గర ఏమీ లేదు. ఏ చెయ్యీ పట్టుకోని చోట, తలపైకి ఎత్తితే అన్నిటికంటే పైన ఉండే చోట కట్టింది కావ్య.

"ఏడ పారేసినవు?"

అతను గోడవార చూపించాడు. ఆమె వంగి, దుమ్ములోంచి తీసి, దులిపింది.

"కొట్టు," అంది. "టైమయింది."

పరశురాములు కొట్టాడు. గదుల్లోంచి పిల్లలు వరుసగా, నోరెత్తకుండా, ఆమె ముఖం చూస్తూ బయటికి వచ్చారు. ఆమె వాళ్ల పెదవులు చూసింది. గేటు మూతపడ్డాక రాడును కొక్కానికి తగిలించింది. దాని కొసకు, సాంచా మీద తెగిన పోగును అతికే ముడితో ఆమె మళ్లీ కట్టిన ఎర్ర పేలిక, గాలికి ఊగుతోంది.