చూరులో గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసును. నలభై మంది తోబుట్టువులతో ఒకే అట్టపెట్టెలో చెంచయ్య టీ హోటలుకు వచ్చాను. పెట్టె విప్పిన రోజే చెంచయ్య నా అడుగున ఎర్ర రంగు చుక్క పెట్టి, బయట చూరులో దోపాడు. నేనేం పాపం చేశానో చెప్పినవాడు లేడు.

నాలో టీ తాగేది ఊరి చివరి వాడలోని దానియేలు, అతని వాళ్లు. లోపలి బల్లలు వాళ్లకు కావు. బయట గొంతుక్కూర్చుని తాగాలి, తామే కడగాలి, మళ్లీ చూరులో దోపాలి. అది ఆచారమట! చెంచయ్య పాలలో సగం నీళ్లు పోస్తాడు, వాడిన టీపొడి ఎండబెట్టి మళ్లీ మరిగిస్తాడు. అది వ్యాపారమట! థూ, వాడి నోట నీతిమాట వింటే నా స్టీలుకు తుప్పు పట్టేది.

లోపల గ్లాసులు కడిగేది సూరమ్మ. మొగుడు పోయినామె, ఆ పని తప్ప వేరే ఆధారం లేదు. ఒకనాడు దానియేలు జ్వరంతో వణుకుతూ నన్ను జారవిడిచాడు. నా అంచు చొట్టపోయింది.

"కడిగిపెట్టి పోరా!" అని అరిచాడు చెంచయ్య. డెబ్బై ఏళ్ల మనిషిని పట్టుకుని!

సూరమ్మ బయటికొచ్చి నన్ను అందుకుంది. "నువ్వు పోయి పడుకో పెద్దయ్యా, నేను కడుగుతాలే."

ఆ రోజే ఇటుకపొడితో నా ఎర్రచుక్కను అరగదోమి, లోపలి గ్లాసుల్లో కలిపేసింది. అప్పట్నుంచి పొద్దున్నే వాకిలి ఊడుస్తూ, చూరులోని నిన్నటి గ్లాసును లోపల కలిపేసి, చేతికందిన మరోదాన్ని దోపేది. చెంచయ్య చూరులో గ్లాసు ఉందా లేదా అనే చూసేవాడు.

మూడు నెలలకు, చెంచయ్య టీ తాగుతుంటే నా చొట్ట వాడి పెదవికి తగిలింది. ఎత్తి చూసి బిగుసుకుపోయాడు.

"ఇది చూరులోది గదే! ఎంత తప్పుడు పని చేశావే!"

సూరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "మూడు నెల్ల నుంచీ అందరూ అన్నిట్లో తాగుతానే ఉన్నారు. నువ్వూ తాగావు. ఏమైంది బాబాయ్, మూతి పడిపోయిందా?"

అప్పటికప్పుడే ఆమె పని పోయింది. ఏ గ్లాసులో ఎవరు తాగారో తేల్చుకోలేక, చెంచయ్య మా అందర్నీ గోతంలో కుక్కి పాత ఇనుము కొట్టుకు పంపాడు. కొత్త గ్లాసులొచ్చాయి, వాటిలో ఒకటి చూరెక్కింది. సూరమ్మ మిరపకోతలకని ఊరు విడిచిపోయింది. ఊళ్లో ఆమెను బరితెగించిందంటున్నారు. చెంచయ్యను పెద్దమనిషంటున్నారు.

రేపు కొలిమిలో కరిగిపోతాను. ఏ రూపమొచ్చినా సరే. మళ్లీ గ్లాసునై చెంచయ్య చేతికే చిక్కానా, ఈసారి చొట్టతో సరిపెట్టను. వాడి పెదవి కోస్తాను.