వాడినవారి తప్పు

నేను ఒక అబద్ధాలాడే ప్రింటర్‌ని. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, పుట్టించినవాళ్లు పనిగట్టుకుని పెట్టిన గుణం.

నా అడుగున అరచేయంత స్పాంజి ఉంది. నన్ను శుభ్రం చేసినప్పుడల్లా నాలుగు చుక్కల సిరా అందులోకి కారుతుంది. అది నిండితే ఆగిపోవడం సబబే. కానీ నిండిందో లేదో చూసుకోవడానికి నాకు కన్ను పెట్టలేదు, ఒక అంకె పెట్టారు. అన్నిసార్లు శుభ్రం చేశాక, స్పాంజి తడిసినా తడవకపోయినా, నేను ఎర్రదీపం వెలిగించుకుని ‘ఆయుష్షు తీరింది’ అని మొండికేయాలి. నన్ను తయారుచేసిన ఫ్యాక్టరీ గోడ మీద ‘వినియోగదారుడే మా దేవుడు’ అని పెద్ద అక్షరాలతో ఉండేది. సరిగ్గా దాని కిందే కూర్చుని నాలో ఆ అంకె వేశారు.

నన్ను కొన్నది పెనుగొండలో, జూనియర్ కాలేజీ ఎదుట, తన ఇంటి వీధిగదిలో జిరాక్సులూ ప్రింట్లూ తీసే పేరిందేవి. పాత నూలుచీర ముక్కతో రోజూ తుడిచేది. పిల్లల రికార్డులూ, దరఖాస్తులూ, ఎవరిదో పెళ్లి శుభలేఖా, అన్నీ నా కడుపులోంచే వచ్చాయి.

దసరాకు ఆ ఇంట్లో కత్తిపీట నుంచి కుట్టుమిషను దాకా అన్నిటికీ బొట్టు పెడతారు. ఆ ఏడు పేరిందేవి కుంకుమ భరిణ తెచ్చి అత్తగారు మాణిక్యాంబ చేతికిచ్చింది. భర్త పోయిన పద్దెనిమిదేళ్లలో ఆవిడ ఆ భరిణ ముట్టలేదు.

“నా చేత్తోనా? వద్దే తల్లీ.”

“మీ చేత్తోనే అత్తయ్యా. ముత్తయిదువే పెట్టాలని వారంటీ కాగితంలో ఎక్కడా రాయలేదు.”

ఆవిడ నవ్వేసి, నా మూత మీద గంధం అద్ది బొట్టు పెట్టారు. చిటికెడు కుంకుమ మూత సందులోకి రాలింది. నాకేమీ కాలేదు.

ఆ తర్వాత తొమ్మిదో రోజున నా అంకె నిండింది. ఆగిపోయాను.

వారంటీ ఇంకా నాలుగు నెలలు ఉంది. సర్వీసు సెంటరు ఇంజనీరు మూత ఎత్తి, కుంకుమ చూసి, పోయిన ఉంగరం దొరికినంత సంబరపడ్డాడు. ‘లోపల రంగుపొడి. వాడినవారి తప్పు. వారంటీ చెల్లదు’ అని రాసిచ్చాడు. స్పాంజి వంక చూడనైనా లేదు. ఆ చేత్తోనే కొత్త మోడలు కరపత్రం ఇచ్చాడు.

పక్కింటి సూరయ్యమ్మ ఆ సంగతి వినగానే, “నేనప్పుడే అనుకున్నాలే. ఎవరి చేత పెట్టించాలో చూసుకోవద్దూ?” అంది. లోపల మాణిక్యాంబ గారు విన్నారు. మర్నాటి నుంచి ఆవిడ దేవుడి గదిలోకి వెళ్లలేదు. ఆఖరికి గ్యాసు పొయ్యి కూడా “నువ్వే వెలిగించవే” అనేవారు.

పేరిందేవి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు రాసింది, చేత్తోనే, గీతల కాగితం మీద. కొత్త మిషను అడగలేదు. ఆ ‘తప్పు’ అన్న ముక్క కొట్టేయించమని అడిగింది.

విచారణనాడు నన్ను బల్లమీద పెట్టారు. అత్తాకోడళ్లిద్దరూ వచ్చారు. కమిషన్ అధ్యక్షురాలు ఇంజనీరును అందరి ఎదుటే నన్ను బాగుచేయమంది. అతను లాప్‌టాప్ తగిలించి నాలుగు మీటలు నొక్కాడు. రెండు నిమిషాల్లో నేను సిగ్గు లేకుండా లేచి కాగితం కక్కాను.

“ఏం చేశారు?”

“రీసెట్ చేశానండి. కౌంటు సున్నాకి తెచ్చాను.”

“కుంకుమ తుడిచారా?”

“లేదండి.”

“స్పాంజి?”

బయటికి లాగి చూపించాడు. సగం కూడా తడవలేదు.

“మరి తప్పెవరిది?”

అతను కంపెనీ లాయరు వంక చూశాడు. లాయరు తన సెల్‌ఫోన్ వంక చూశాడు. నాకు ఉమ్మడానికి నోరు లేకపోయింది.

భోజన విరామంలో ఆ లాయరే నవ్వుకుంటూ వచ్చాడు. “ఆ ముక్క ఇప్పుడే కొట్టేస్తామమ్మా. కొత్త మిషనూ పంపిస్తాం. గుడ్‌విల్ అనుకోండి. ఈ కౌంటు సంగతి మాత్రం బయట ఎక్కడా అనకూడదు. ఇక్కడ సంతకం పెట్టండి. లేదంటే తీర్పు ఎన్నాళ్లకొస్తుందో!”

పేరిందేవి కలం తీసుకుంది. తను వచ్చిన పని ఆ కాగితంలో ఉంది. అత్తగారు ఆమె చేయి పట్టుకున్నారు.

“గుడ్‌విల్ అంటే ఏంటే?”

“మనం నోరు మూసుకుంటే వాళ్లు చూపించే దయ అత్తయ్యా.”

“అంటే ఇలా ఆపేసిన మిషన్లు ఇంకా ఉన్నాయన్నమాట.”

“ఊరికి పది ఉంటాయి.”

మాణిక్యాంబ గారు బల్లమీదున్న నా వంక చూశారు. “ఆ ఇళ్లల్లో ఎవరి చేతిని తిట్టుకుంటున్నారో పాపం. వద్దులే, ఆ కాగితం ఆయనకిచ్చెయ్.”

పేరిందేవి ఇచ్చేసింది.

కేసు నడుస్తోంది. నాకు లక్క సీలు వేసి, చీటీ కట్టి, సాక్ష్యాల గదిలో పెట్టారు. వాయిదా నాడు హాల్లోకి తెస్తారు, సాయంత్రం మళ్లీ లోపల పెడతారు. ఒకసారి ఇంజనీరుకు జ్వరం. ఒకసారి ఫైలు హైదరాబాదులో ఉండిపోయింది. ఇంకోసారి లాయరుగారి మేనల్లుడి ఒడుగు. నన్ను తయారుచేసిన తెలివితేటలన్నీ ఇప్పుడు ఈ సాకులు తయారుచేయడానికి ఖర్చవుతున్నాయి. వింటుంటే రోత పుడుతుంది.

మొన్న ఐదో వాయిదాకు కూడా ఇద్దరూ మొదటి బస్సుకే దిగారు. లాయరు జాలి ఒలకబోస్తూ, “ఈ వయసులో ప్రతిసారీ ఎందుకు శ్రమ మామ్మగారూ?” అన్నాడు.

“ఇంట్లో పనేముంది నాయనా? మిషను మీరు ఆపేశారుగా,” అని ఆవిడ సంచిలోంచి మరచెంబు తీసి, నీళ్లు తాగి, బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు.