నడుము కట్టని గౌను

మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించే సమయానికి అంగడి నుంచి మూట వచ్చేది. పదిహేడేళ్లుగా అంతే. జాకెట్లకు హుక్కులు, పిల్లల చొక్కాలకు గుండీలు, పావడాలకు నాడాలు. నెల్లితోపు పేటలోని ఇంటి వెనక వసారాలో చాప పరుచుకుని, సాయంత్రం మిల్లు సైరను మోగేదాకా అంబుజం వాటిని కుట్టేది. పెద్ద మార్కెట్ దగ్గర తన బట్టల అంగడికి వచ్చే ఆడవాళ్లు "మీ హుక్కు ఒక్కటీ ఊడదు" అని మెచ్చుకున్నారని భర్త ఆదికేశవన్ ఇంటికొచ్చి గర్వంగా చెప్పేవాడు. ఆ హుక్కు కుట్టిన మనిషి ఎదురుగా నిలబడి అన్నం వడ్డిస్తోందన్న సంగతి ఆయనకు తట్టేది కాదు. చెడ్డవాడు కాదు. చెయ్యెత్తిన వాడు కాదు. "ఇంట్లో ఊరికే ఉండేదే గదా, చేతికి పనుంటే మంచిది" అనేవాడు, అంతే.

ఆ ఏడు, అంటే డెబ్బై తొమ్మిదిలో, దీపావళికి ఇంకా నెల ఉందనగా వచ్చిన మూట వేరే రకం. అందులో ఇరవై నాలుగు గౌన్లు ఉన్నాయి. మెత్తటి వాయిలు, చిన్న చిన్న పూలు, పొంగు చేతులు. ఛాతీ కిందనే అతుకు, అక్కడి నుంచి కుచ్చులు కుచ్చులుగా మోకాళ్ల దాకా వదులుగా దిగిన గుడ్డ. బేబీ డాల్ గౌను అంటారట. ఫ్రాన్సు నుంచి సెలవులకు వచ్చిన కుటుంబాల ఆడపిల్లలు ఆదివారం సాయంత్రం బీచి రోడ్డు మీద ఇలాంటివే వేసుకుని తిరుగుతున్నారని, దీపావళికి ఊరంతా ఇవే అడుగుతుందని ఆదికేశవన్ మద్రాసు పోయి తెచ్చాడు. తీరా మడత విప్పి చూశాక ఆయన మొహం చిన్నబోయింది.

"నడుము యాడుండాల్నో తెలీనోడెవడో కుట్టినాడు. రొమ్ము కిందనే అతుకేసినాడు చూడు. గుడ్డ మిగిలింది గదా, అన్నిటికీ నడుము కాడ బెల్టు వేసి బిగించు."

అంబుజం ఒక గౌను ఎత్తి వెలుతురుకు పట్టింది. "అతుకు ఆడుండేదే దాని అందమేమో. బిగిస్తే గుడ్డంతా ఉబ్బుకుంటుందండీ."

"ఇరవై ఏండ్లుగా గుడ్డలమ్మేది నువ్వా, నేనా?"

ఆమె బెల్టులు కుట్టింది. తప్పని తెలిసి కుట్టే కుట్టు చేతికి బరువుగా ఉంటుందని ఆ వారంలో ఆమెకు తెలిసింది. సూది గుడ్డలో దిగిన ప్రతిసారీ, తన మాట తానే నొక్కేస్తున్నట్టు ఉండేది. ఇలా నొక్కిన మాటలు ఎన్నో. ఆకాశం రంగు పావడాలు తెమ్మంది ఒకసారి. కాలేజీ పిల్లల కోసం పొడుగు చేతుల జాకెట్లు కుడదామంది ఇంకోసారి. ఆయన వద్దనగానే మళ్లీ ఎత్తలేదు. ఏడాది తిరిగాక అవే మాటలు ఆయన నోట్లోంచి ఆయన ఆలోచనలుగా వచ్చేవి. అప్పుడు కూడా ఆమె చారు వడ్డించి మజ్జిగ గిన్నె దగ్గరికి జరిపేది.

బెల్టు కట్టిన గౌను ఒక్కటీ అమ్ముడుపోలేదు. "ఏందిది, గోతానికి తాడు కట్టిన మాదిరి" అని ఒక తల్లి నవ్విందట. ఆ రాత్రి ఆదికేశవన్ అన్నం కలుపుతూ, తలెత్తకుండా, "నీ కుట్టు అట్లుంది" అన్నాడు. ఆ మాటకు ఆమె ఏడవలేదు. తన కుట్టును ఎవరైనా తప్పు పట్టడం అదే మొదటిసారని మాత్రం గుర్తుపెట్టుకుంది.

బుధవారం ఆయన మళ్లీ మద్రాసు బయలుదేరాడు. "అమ్మినోడి కాళ్లు పట్టుకునైనా సరుకు తిరిగిచ్చేస్తా. శనివారం వస్తా. బెల్టులన్నీ విప్పి మడతేసి పెట్టు. కుట్టిన గుర్తు తెలీకూడదు."

పాత బ్లేడుతో ఆమె కుట్లు విప్పుతూ కూచుంది. బడి నుంచి వచ్చిన కూతురు గిరిజ పుస్తకాల సంచీ పడేసి, విప్పిన గౌను ఒకటి తీసుకుని లోపలికి పోయింది. గులాబి రంగుది. బయటికి వచ్చి వసారాలో ఒక చుట్టు తిరిగింది. గుడ్డ గొడుగులా లేచి, మెల్లగా వచ్చి కాళ్ల మీద వాలింది. పదిహేనేళ్ల పిల్ల, ఆరు నెలలుగా భుజాలు ముందుకు వంచుకుని నడుస్తున్న పిల్ల, నిటారుగా నిలబడింది.

"అమ్మా, ఇది నన్ను యాడా పట్టుకోలేదు" అంది.

అంబుజం చెయ్యి తనకు తెలియకుండానే నడుము మీదికి పోయింది. అక్కడ పావడా నాడా కింద ఒక నల్లటి చార ఉంది. పన్నెండో ఏట మొదలైంది. ఎండాకాలంలో ఒరుసుకుని మండుతుంది, వానాకాలంలో దురద. గిరిజ కడుపులో ఉన్నప్పుడు ఆ చార కిందికి జరిగి, కాన్పయ్యాక మళ్లీ పైకొచ్చింది. స్నానం చేసేటప్పుడు తప్ప ఎవరికీ కనిపించని ఆ గుర్తును ఆమె ఇన్నేళ్లూ ఒంటి రంగులో భాగమనే అనుకుంది. పెళ్లయిన కొత్తలో అత్త మునెమ్మ ప్రతి ఉదయం ఆమె నడుము తడిమి చూసి, "ఇంకా బిగించు. నాడా వదులైతే అన్నీ జారిపోతాయి" అనేది. ఆ 'అన్నీ' అంటే ఏవేవో ఎప్పుడూ చెప్పలేదు.

మూలన కూచుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మునెమ్మ మనవరాలినే చూస్తోంది. చేతులు తుడుచుకుని తన చీర కుచ్చెళ్లు కొంచెం పక్కకు జరిపింది. డెబ్బై ఏళ్ల ముడతల మధ్య అదే చార, తాడులా గట్టిపడి ఉంది.

"నాకూ ఉండాది అమ్మీ" అంది. "ఆ పిల్లకు వద్దులే."

అంబుజం బ్లేడు కింద పెట్టింది. "అత్తా, ఇవి తిప్పి పంపేవి కావు. రేపు అంగడికి పోతా."

"ముందర పక్కనా?"

"ముందర పక్కనే."

ఆ ఇంటి ఆడవాళ్లు క్యారియరు తీసుకుని అంగడి వెనక తలుపు దాకా పోవచ్చు. ముందర కూచోవడం ఆ కుటుంబంలో లేదు. మునెమ్మ చిక్కుడుకాయ ఒకటి విరిచి, వాసన చూసి, గిన్నెలో వేసింది.

"అయితే తెల్లారే పో. చారు నేను పెట్టుకుంటా. నువ్వీ ఇంటికొచ్చినాక చారు పెట్టేది మర్చిపోయింటాననుకున్నావేమో."

మరునాడు అంబుజం మూటతో అంగడి ముందు దిగేసరికి గుమాస్తా లోకనాథన్ చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. "అమ్మా, అన్నకు తెలిస్తే..."

"అడిగితే నేనే వచ్చి కూచున్నానని చెప్పండి."

ఆయన చీపురు పక్కన పెట్టాడు. స్టూలు తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, లోపలి మూల వేశాడు. అక్కడ రెండు దుప్పట్లు అడ్డం కట్టి, వెనక గదిలోని అద్దం తెచ్చి ఆనించాడు. తరువాత వీధి గుమ్మంలోకి పోయి, లోపలికి వీపు పెట్టి నిలబడ్డాడు. మూడు రోజులూ అలాగే నిలబడ్డాడు. ఆ వీపుకు అంబుజం మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకుందో.

మొదట వచ్చింది వసంతకుమారి, చిన్న బడి టీచరు, సన్నగా పొడుగ్గా ఉన్న కూతురితో. "పద్నాలుగేండ్ల పిల్లకు ఏ సైజు వస్తుంది?" అని అడిగింది.

"వయసొద్దండీ. మగవాళ్లు వయసడిగి ఇస్తారు. భుజం చూద్దాం. భుజం సరిపోయి, అతుకు ఛాతీ కింద నిలిస్తే చాలు. మిగతాది గాలికి వదిలేయండి."

పిల్ల దుప్పటి చాటు నుంచి వచ్చింది. తల్లి చూపు మోకాళ్ల దగ్గర ఆగింది. "వాళ్ల నాన్న ఊరుకోరు."

"కింద తెల్ల చుడీదారు పైజామా వెయ్యండి. పూల గుడ్డ గనక పైన ఇంకేమీ వద్దు, పూసల దండ కూడా వద్దు. ఒకటే జడ. కాలికి మడమ లేని చెప్పులు. వాళ్ల నాన్నకు పొడుగు పావడా మాదిరి కాళ్లు కప్పినట్టే ఉంటుంది, పిల్లకు ఎగిరేదానికి వీలుంటుంది."

టీచరు నవ్వేసింది. మధ్యాహ్నానికి బడి నుంచి ఇంకో ఇద్దరు తల్లులను పంపింది. పొట్టిగా బొద్దుగా ఉన్న పిల్లకు చిన్న పూల గుడ్డ, నల్లపిల్ల అని వెనకాల దాచిన పిల్లకు నిమ్మపండు రంగు. ఎవరికి ఏది నప్పుతుందో అంబుజానికి ముందే తెలుసు. పదిహేడేళ్లు ఒళ్లు చూడకుండా గుడ్డలు కుట్టిన చేతులకు, ఒళ్లు కనిపించగానే అన్నీ అర్థమయ్యాయి.

శుక్రవారం మిల్లు కార్మికుడి భార్య భాగ్యం చెల్లెలి కోసమని వచ్చింది. ఏడో నెల. గౌను చేత్తో నిమిరి పెట్టేసింది. "వయసు పిల్లలది గదక్కా."

"ఒకసారి వేసి చూడు. ఇంట్లో పావడా మీద వేసుకోవచ్చు. నాడా పొట్ట కిందికి దించి కట్టు."

ఆమె గౌను తీసుకుని దుప్పటి వెనక్కి పోయింది. అంబుజం తొంగి చూస్తే, భాగ్యం స్టూలు మీద కూచుని పొట్ట మీద అరచెయ్యి పెట్టుకుని ఉంది. "తిరగతా ఉందక్కా లోపల. ఇంతసేపూ మడిచిపెట్టిన మాదిరి ఉండె, పాపం." రెండు తీసుకుంది.

శనివారం సాయంత్రం ఆదికేశవన్ బస్టాండు నుంచి నేరుగా అంగడికి వచ్చాడు. గడ్డం మాసింది, కళ్లు లోతుకు పోయాయి. "ఒప్పుకున్నాడు లోకనాథా, బతిమాలితే ఒప్పుకున్నాడు. మూట యాడ?"

"మూట లేదన్నా. ఒకటి తప్ప అన్నీ పోయినాయి."

ఆదికేశవన్ లోపలికి చూశాడు. అంబుజం మోకాళ్లు అలవాటుగా లేవబోయాయి. ఆమె వాటిని ఆపి, స్టూలు మీదే కూచుంది. ఆయన నోరు తెరిచేలోపు ఇద్దరు ఆడవాళ్లు మెట్లెక్కి, ఆయన్ను దాటి లోపలికి తొంగిచూశారు. "భుజం చూసి ఇస్తుందంటనే, ఆ అక్క ఉందా?"

వాళ్లతో మాట్లాడి, వారంలో రమ్మని పంపి ఆమె తిరిగేదాకా ఆయన గల్లా దగ్గర నిలబడే ఉన్నాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు. "సరే. ఇంకో నాలుగు డజన్లు తెస్తా. నువ్వు మధ్యాహ్నం పూట వచ్చి కూచో. ఇంట్లో ఊరికే ఉండేదే గదా. హుక్కులు సాయంత్రం కుట్టుకోవచ్చు."

"నేను ఒక్క దినం ఊరికే లేనండీ" అంది అంబుజం. గొంతు పెంచలేదు. "సోమవారం నుంచి మూట ఇంటికి రాదు. హుక్కులకు జీతమిచ్చి మనిషిని పెట్టండి. నేను పొద్దున్నే అంగడికి వస్తా. మద్రాసుకూ నేనే వస్తా. గుడ్డ నేను చూసి తీసుకుంటా."

"ఇరవై ఏండ్లుగా..." అని ఆయన మొదలుపెట్టాడు. గౌన్లు తగిలించే కొయ్యలు ఖాళీగా ఉండడం చూసి ఆగాడు. లోకనాథన్ వీధిలోకి చూస్తూ దగ్గాడు, నవ్వు రాకుండా.

విప్పిన ఇరవై నాలుగు బెల్టులను ఆమె వరసగా ముడివేసి తాడు చేసింది. ఆ మూల దుప్పట్లకు బదులు నీలం తెర వచ్చింది. దాన్ని కట్టింది ఆ తాడుతోనే. మిగిలిన పెద్ద గౌనును మునెమ్మ అడిగి మరీ పుచ్చుకుంది. "పండుకునేటప్పుడు వేసుకుంటా, ఎవురు చూడొచ్చారు" అంది. గిరిజ చూసి పడీపడీ నవ్వితే తానూ నవ్వింది.

సోమవారం తెల్లవారుజామున మద్రాసు బస్సులో కిటికీ పక్క సీటు అంబుజానిది. ఆదికేశవన్ పక్కన క్యారియరు పట్టుకుని కూచున్నాడు. ఆ ఉదయం ఆమె పావడా నాడాను రెండు వేళ్లు దూరేంత వదులుగా కట్టుకుంది. మద్రాసు చేరేదాకా ఏదీ జారలేదు.